రూపాయికి ఎంతసేపు

తెనాలిలో మా చిన్నప్పుడు వీడియో గేమ్ బాగా ఆడతాడని ఎవడికైనా పేరొచ్చిందంటే, వాడు ఒక్క రూపాయి బిళ్ళతో చాలాసేపు నిలబడతాడని అర్థం. పాయింట్లు ఎవరూ చూసేవాళ్ళు కాదు. తెర పైభాగంలో ఏవో అంకెలు పెరుగుతూ పోయేవి, వాటి మానాన వాటిని వదిలేసేవాళ్ళం. "నిన్న ఒకే రూపాయితో ఐదో స్టేజీ దాకా పోయాడంటరా" అనేదే అసలు వార్త. అది సాయంత్రానికల్లా ట్యూషన్ అంతా పాకేది.

1995, 96 నాటి సంగతి. బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేది మేం ఆడే షాపు. ముందు గదిలో క్యాసెట్లలో పాటలు రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు. వెనక గదికి ఒక కర్టెన్. కర్టెన్ ఎత్తి లోపలికి వెళ్తే నాలుగు గేమ్ పెట్టెలు, తిరిగీ తిరగని ఒక ఫ్యాను, ప్రతి పెట్టె చుట్టూ అరడజను మంది పిల్లలు. ఆడేవాడు ఒకడైతే సలహాలిచ్చేవాళ్ళు ఐదుగురు. మిషన్‌కి బిళ్ళ వేసే సందు ఉండేది గానీ దాన్ని ఎప్పుడో మూసేశారు. దారం కట్టిన బిళ్ళ వేసి లాగేస్తున్నారనీ, గ్యాస్ లైటర్ పెట్టి టిక్కుమనిపిస్తే చాలు ఆటలు వచ్చేస్తున్నాయనీ ఊళ్ళో పుకార్లు. అందుకని రూపాయి బాబాయ్ చేతికే ఇవ్వాలి. ఆయన తాళం తీసి లోపల చెయ్యి పెట్టి స్విచ్ నొక్కేవాడు. తెర మీద క్రెడిట్ ఒకటి అని పడేది. బాబాయ్ అంటే షాపు ఓనర్. మా ఎవరికీ ఆయన చుట్టం కాదు, అయినా అందరికీ బాబాయే. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "హ్యాండిల్ మెల్లగా తిప్పండ్రా, అది బోరింగ్ పంపు అనుకున్నారా?"

నాలుగు పెట్టెల్లో ఒకటి ఎప్పుడూ ముస్తఫా గేమే. మిగతావి మారేవి, ఇది మారేది కాదు. దీని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. ఆ పేరు తెర మీద పెద్దపెద్ద అక్షరాలతో పడుతుంది, అయినా ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. తెనాలిలోనే కాదు, గుంటూరు హాస్టల్లో చేరినప్పుడూ, తర్వాత ఉద్యోగంలో కలిసిన ఉత్తరాది వాళ్ళ దగ్గరా అది ముస్తఫాయే. ఆటలో ఎంచుకోవడానికి నలుగురుంటారు. జాక్ అన్నిట్లోనూ మధ్యరకం. హానా ఆయుధాలు వాడటంలో నేర్పరి. మెస్ బలశాలి, కానీ నడక నెమ్మది. పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా అందరికంటే వేగం. పరిగెత్తుకుంటూ వచ్చి గాల్లోకి లేచి తన్నే తన్ను ఒకటి ఉంటుంది వాడికి. ఆ తన్నుతో గుంపు మొత్తాన్ని పడగొట్టొచ్చు. కొత్తగా వచ్చినవాడికి మేం చెప్పే మొదటి పాఠం అదే: ముస్తఫాని తీసుకో, పరిగెత్తి తన్ను, వెనక్కి వచ్చెయ్, మళ్ళీ పరిగెత్తి తన్ను.

రెండో పాఠం, రెండు బటన్లూ కలిపి కొట్టకు అని. రెండూ కలిపి నొక్కితే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎగిరిపడతారు, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ప్రతిసారీ మన లైఫ్‌లోంచి కొంచెం కోత పడుతుంది. కంగారులో రెండూ టపటపా కొట్టేవాడి రూపాయి రెండో స్టేజీ బాసు దగ్గరే అయిపోయేది. అక్కడ చేతుల్లో కత్తులు పట్టుకుని ఒక భారీకాయుడు వస్తాడు. మూడో స్టేజీలో మాత్రం పండగే. ఎడారిలో కారెక్కి రౌడీలను గుద్దుకుంటూ పోవడం. చూసేవాళ్ళందరూ ఆ భాగం కోసమే కాచుక్కూర్చునేవాళ్ళు.

ఇంకో వింత, శత్రువుని కొట్టినప్పుడల్లా వాడి పేరు తెర మీద పడేది. ఫెర్రిస్, బ్లాక్ ఎల్మర్, డ్రైవర్. నైస్ అని పలకాల్సిన పేరొకటి ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో జి అక్షరంతో మొదలయ్యేది. మేం దాన్ని గ్నీస్ అనే చదువుకున్నాం. ఇప్పటికీ నాకు వాడు గ్నీసే.

దీని వెనక కథ చాలా ఏళ్ళకు తెలిసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన కామిక్స్ దీనికి మూలం. ఏదో ప్రళయం వచ్చి మనుషులు తరతరాలుగా భూమి లోపల దాక్కుంటారు. బయటికి వచ్చి చూస్తే నేలంతా డైనోసార్లే. జాక్ ఒక మెకానిక్. పాత కాడిలాక్ కార్లను బాగుచేసి డైనోసార్ల పెంటతో నడుపుతుంటాడు. ఈ సంగతి అప్పుడే తెలిసుంటే మా బ్యాచ్ ఎంత గోల చేసేదో. మేం ఆటలోంచి ఊహించుకున్న కథ వేరు. ముస్తఫా డైనోసార్లను దొంగల బారి నుంచి కాపాడే పోలీసు అని. మరీ అన్యాయమైన ఊహేమీ కాదు. ఆ ఆటలో డైనోసార్ తనంతట తాను మంచిదే. ఎవరైనా కొడితే కోపం వచ్చి అందరి మీదా పడుతుంది. దెబ్బ మనది తగిలినా సరే.

చచ్చిపోయాక వచ్చే అంకెల గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. కంటిన్యూ అని పడి తొమ్మిది, ఎనిమిది, ఏడు అని తగ్గుతూ ఉంటుంది. సున్నా అయ్యేలోపు ఇంకో రూపాయి పడితే చచ్చినచోటే లేస్తాం. లేకపోతే మొదటి స్టేజీ నుంచే మళ్ళీ. ఆ కొన్ని సెకన్లలో జరిగే బేరాలు నేను రైతుబజారులో కూడా చూడలేదు. "రూపాయి ఇయ్యరా, రేపు రెండు ఇస్తా." "హ్యాండిల్ నాకిస్తానంటే ఇస్తా." "సగం లైఫ్ నీది, సగం నాది." ఇటు బాబాయ్ ముందు గదిలో క్యాసెట్ల బేరంలో ఉండేవాడు. "బాబాయ్, మూడు! బాబాయ్, రెండు!" అని కర్టెన్ లోంచి కేకలు. ఆయన తాళంచెవి వెతుక్కుంటూ వచ్చేసరికి ఒకటి. ఆ టెన్షన్ ముందు పదో తరగతి రిజల్ట్స్ ఎంత.

కరెంటు కోత ఇంకో గండం. పేపర్లో వేసిన వేళల్ని పరీక్షల టైంటేబుల్ కంటే శ్రద్ధగా చదివేవాళ్ళం. కోతకి పది నిమిషాల ముందు ఆట మొదలుపెట్టేవాడు మూర్ఖుడు. ఆట మధ్యలో కరెంటు పోతే రూపాయి పోయినట్టే, బాబాయ్ ఆ విషయంలో కనికరించేవాడు కాదు.

మిగతా మూడు పెట్టెల్లో ఆటలు ఎలా మారేవో మాకు అప్పట్లో అంతుపట్టేది కాదు. శనివారం చూసిన పెట్టెలోనే, అదే హ్యాండిల్, అదే చిరిగిన స్టిక్కరు, సోమవారానికి కొత్త ఆట. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు ఒక పాత పెట్టె వెనక తలుపు తీసి చూసే అవకాశం దొరికింది. లోపల పిక్చర్ ట్యూబు, పవర్ సప్లై, వైర్ల కట్ట, ఒక్కటంటే ఒక్క బోర్డు. ఆట అంతా ఆ బోర్డులోనే. 1985లో జపాన్ గేమ్ మిషన్ల తయారీదారుల సంఘం అందరికీ పనికొచ్చేలా ఒకే రకం కనెక్టర్ని ఖాయం చేసింది. దాని పేరు జామ్మా. 56 కాంటాక్టులు, ఒక్కో వైపు 28. ఏ కంపెనీ బోర్డైనా ఆ పద్ధతిలో ఉంటే పాతది పీకి కొత్తది గుచ్చడమే, పది నిమిషాల పని. తెనాలి లాంటి ఊళ్ళో నాలుగు పెట్టెల షాపు నడిచిందంటే ఈ కనెక్టర్ పుణ్యమే. ప్రతి ఆటకీ కొత్త పెట్టె కొనాలంటే బాబాయ్ క్యాసెట్ల వ్యాపారం దాటి వచ్చేవాడే కాదు.

పాత పెట్టెలో కొత్త ఆట పెట్టడం అనే విద్య జామ్మా కంటే ముందునుంచీ ఉంది. 1981లో నింటెండో అనే జపాన్ కంపెనీ వాళ్ళు అమెరికాలో రాడార్ స్కోప్ అనే ఆట పెట్టెలు 3,000 తెప్పించుకుంటే 2,000 దాకా అమ్ముడుపోక గోడౌన్లో మిగిలిపోయాయి. వాటిని ఎలాగోలా వదిలించుకోవడానికి వేరే ఆట చెయ్యమని షిగేరు మియామోటో అనే కుర్రాడికి పని అప్పజెప్పారు. అతను అంతకుముందు అలాంటి పని చేసినవాడు కాదు. అతను చేసిందే డాంకీ కాంగ్. పీపాల మీదుగా దూకే ఆ మీసాల మనిషే తర్వాత మారియో అయ్యాడు. మా ఇళ్ళల్లో టీవీకి తగిలించుకునే డూప్లికేట్ వీడియో గేమ్ సెట్లలో ఆడిన మారియో అన్నమాట. ఆ క్యాసెట్ల సంగతి, కాంట్రాలో ముప్పై లైఫుల కోసం పైకి పైకి కిందకి కిందకి నొక్కే మంత్రం సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. అవి ఇంటి ఆటలు, రూపాయి భయం లేని ఆటలు.

షాపులో ముస్తఫా తర్వాత జనం మూగేది స్ట్రీట్ ఫైటర్ 2 దగ్గర. ఇద్దరు ముఖాముఖి తలపడే 1991 నాటి ఆట. దీనికి మామూలు పెట్టె ఒప్పుకోదు. గుద్దడానికి మూడు, తన్నడానికి మూడు, ఆరు బటన్లు కావాలి. జామ్మా కనెక్టర్లో మామూలుగా ఒక్కో ఆటగాడికి మూడింటికే చోటు. తన్నే బటన్ల కోసం బోర్డు నుంచి విడిగా వైర్లు లాగాలి. మా షాపులో రెండో ఆటగాడి వైపు పెద్ద తన్ను బటన్ ఎప్పుడూ పనిచేసేది కాదు. అటువైపు నిలబడ్డవాడు ఓడిపోతే ఆ బటన్ వల్లే ఓడినట్టు. ముస్తఫాకి ఆ బాధ లేదు. కొట్టడానికి ఒకటి, దూకడానికి ఒకటి. ఏ డొక్కు పెట్టెలో పెట్టినా ఆడుతుంది. ఆ ఆట మనదేశంలో మూలమూలకీ వెళ్ళడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

స్ట్రీట్ ఫైటర్‌లో మన దేశం తరఫున ధాల్సిమ్ ఉండేవాడు. చేతులూ కాళ్ళూ సాగుతాయి, నోట్లోంచి మంట వస్తుంది, మెడలో పుర్రెల దండ. "యోగా ఫైర్" అని అరుస్తాడు. అతని స్టేజీలో అటూ ఇటూ ఏనుగులు, మధ్యలో గోడ మీద వినాయకుడు. అది మొదటిసారి చూసినరోజు వెనక గదిలో కలిగిన ఉత్సాహం అంతా ఇంతా కాదు. జపాన్ వాడి ఆటలో వినాయకుడా అని. చిన్నపిల్లలు దేశభక్తితో ధాల్సిమ్‌నే ఎంచుకునేవాళ్ళు. మనిషి నెమ్మది, అతని చెయ్యి సాగి వెనక్కి వచ్చేలోపు అవతలివాడు నాలుగు తగిలించేవాడు. రూపాయి నిమిషంలో హారతి కర్పూరం. కాస్త పెద్ద కుర్రాళ్ళు రియు, కెన్ తప్ప ఇంకొకరి మొహం చూసేవాళ్ళు కాదు.

కొన్నాళ్ళకి అదే ఆట పిచ్చిపట్టినట్టు మారింది. రియు గాల్లో ఎగురుతూ నిప్పు బంతులు వరసపెట్టి వదులుతున్నాడు. స్టార్ట్ బటన్ నొక్కితే పోట్లాట మధ్యలో మనిషే మారిపోతున్నాడు, రియు కాస్తా ధాల్సిమ్. మేమది కొత్త భాగం వచ్చిందనుకున్నాం. నిజానికి అది డూప్లికేట్ బోర్డు. కాప్‌కామ్ ఆటని ఎవరో తెరిచి ఇష్టమొచ్చినట్టు మార్చి అమ్మారు. దాన్ని రెయిన్‌బో ఎడిషన్ అంటారని తర్వాత చదివాను. విశేషం ఏమిటంటే అది అమెరికాలో కూడా పాకింది. జనం దాని వేగానికి అలవాటు పడుతున్నారని గమనించి కాప్‌కామ్ 1992లో తనే వేగం పెంచి టర్బో అనే రూపాన్ని విడుదల చేసింది. దొంగ సరుకు చూసి అసలు కంపెనీ నేర్చుకోవడం అన్నమాట.

ఇవన్నీ చదువుతున్నప్పుడు నాకు మళ్ళీమళ్ళీ తగిలింది ఒకటే లెక్క, మా రూపాయి లెక్క. ఈ ఆటలు చేసినవాళ్ళు మొదటినుంచీ దానిమీదే బుర్ర బద్దలు కొట్టుకున్నారు. ఆటగాడు మరీ త్వరగా చస్తే విసుగొచ్చి మళ్ళీ రాడు. మరీ ఎక్కువసేపు బతికితే షాపువాడికి గిట్టదు. 1972లో అమెరికాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బార్‌లో అటారీ అనే కంపెనీ వాళ్ళు పాంగ్ అనే ఆట పెట్టారు. కొన్ని రోజులకే మిషన్ పాడైందని ఫోన్. దాన్ని తయారుచేసిన అల్ ఆల్కార్న్ వెళ్ళి తెరిచి చూస్తే, బిళ్ళలు పడే డబ్బా నిండి పొర్లిపోతోంది, అదే రిపేరు. 1978లో టైటో కంపెనీకి తొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళు వేగం పెంచి మీదకొస్తారు. అది ముందు అనుకుని చేసింది కాదు. తెర మీద బొమ్మలు ఎక్కువైతే ఆ చిప్ అన్నిటినీ గీయలేక నెమ్మదించేది, తగ్గితే ఊపిరి పీల్చుకుని వేగం అందుకునేది. ఆయన దాన్ని అలాగే ఉంచేశాడు. చిప్ చేతకానితనం గుండెదడగా మారింది.

ఆ లెక్కలో కంపెనీ వాళ్ళు బోల్తాపడ్డ సందర్భాలూ ఉన్నాయి. 1980లో నామ్కో కంపెనీలో తొరు ఇవతాని చేసిన ప్యాక్‌మాన్‌లో దయ్యాలు అల్లాటప్పాగా తిరగవు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది, గులాబీది మనకి కొంచెం ముందున్న చోటికి వచ్చి కాచుకుంటుంది, నారింజది దగ్గరికి వచ్చినట్టే వచ్చి పారిపోతుంది. నిక్కచ్చిగా సూత్రం ప్రకారం తిరిగేది ఏదైనా బట్టీపట్టొచ్చు కదా. అమెరికాలో జనం అదే చేశారు. ఎటు తిరగాలో వరసగా నేర్చుకుని ఒక్క బిళ్ళతో గంటలు గంటలు ఆడారు. 256వ స్టేజీకి చేరితే తెరలో సగం చెత్త అక్షరాలతో నిండిపోతుంది. స్టేజీ లెక్కపెట్టే చోట 255కి మించి పట్టదు. అక్కడ ఆట దానంతట అదే చేతులెత్తేస్తుంది. స్ట్రీట్ ఫైటర్ ఆ సమస్యని ఒక్క దెబ్బతో తీర్చింది. మిషన్‌తో కాకుండా మనిషితో పోటీ పెట్టింది. ఎంత గొప్పగా ఆడినా రెండు మూడు నిమిషాల్లో ఒకడు ఓడాల్సిందే, పక్కనున్నవాడు బిళ్ళ తియ్యాల్సిందే. బాబాయ్ ఆ పెట్టెని గదిలో అన్నిటికంటే ముందు, కర్టెన్ పక్కనే ఎందుకు పెట్టుకున్నాడో అది చదివాక అర్థమైంది.

చాలా బోర్డుల మీద వరసగా చిన్నచిన్న స్విచ్‌లుంటాయి. రూపాయికి ఎన్ని లైఫులు, ఆట ఎంత కఠినం, అన్నీ షాపువాడే పెట్టుకోవచ్చు. దసరా సెలవల్లో ఆటలు కష్టమైపోతున్నాయని మా బ్యాచ్‌లో గట్టి అనుమానం ఉండేది. మొన్నామధ్య ఊరెళ్ళినప్పుడు బాబాయ్ కనిపించాడు. ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. సెలవల్లో స్విచ్‌లు మార్చేవాడివా అని అడిగితే నవ్వి, "మార్చకపోతే మీరు లేస్తేనా? వెనక ఇంకో పదిమంది నిలబడేవాళ్ళు" అన్నాడు.

షాపు మూతపడటం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు గంటకి ఇంత అని ప్లేస్టేషన్లు వచ్చాయి, వాటిలో టెక్కెన్ 3 అనే పోట్లాట ఆట కొన్నాళ్ళు ఏలింది. తర్వాత ఆ గదులే ఇంటర్నెట్ సెంటర్లయ్యాయి. పెట్టెలు పాత ఇనుముకి పోయాయి.

బోర్డులకి మాత్రం వేరే చావు ఉంది. ముస్తఫా అసలు బోర్డులో సౌండ్ నడిపే ప్రాసెసర్‌కి సంబంధించిన రహస్య సంకేతం ఒక చిన్న బ్యాటరీ ఉన్నంతకాలమే నిలుస్తుంది. బ్యాటరీ అయిపోతే సంకేతం చెరిగిపోయి బోర్డు పనికిరాకుండా పోతుంది. ఔత్సాహికులు ఇప్పుడు వాటిని బతికించే దారులు కనిపెట్టారనుకోండి. మన షాపుల్లో తిరిగిన డూప్లికేట్ బోర్డులకు మామూలుగా ఆ బ్యాటరీయే ఉండదు. కాపీ కొట్టినవాడు తాళం పీకేసి కాపీ కొట్టాడు కాబట్టి. ఇళ్ళలో ఆడే మిషన్లకు ఈ ఆట అధికారికంగా ఎప్పుడూ రాలేదు. కామిక్స్ హక్కులు ఒకరివి, ఆట ఇంకొకరిది, ఆ ముడి అలాగే ఉంది. ఇప్పటికీ జనం దాన్ని ఆడుతున్నారంటే మేమ్ వల్లే. పాత బోర్డుల నడకని కంప్యూటర్లో అనుకరించే ఆ ప్రోగ్రామ్‌ని 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టాడు.

అందులో బిళ్ళ వెయ్యాలంటే కీబోర్డు మీద ఐదు నొక్కితే చాలు. మా మేనల్లుడికి చూపించాను. వాడు ఐదు మీద వేలు పెట్టి టపటపా నొక్కుతూ, చచ్చినప్పుడల్లా లేస్తూ, ముస్తఫా ఎనిమిది స్టేజీలూ గంట తిరక్కుండా ముగించేశాడు. "ఇంతేనా మామయ్యా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండి ఐదు కీ ఊడబెరికి జేబులో వేసుకున్నాను. ఇప్పుడు పూటకి ఒక్కటే బిళ్ళ, అదీ నేను వేస్తేనే. కత్తులవాడి దగ్గర చస్తున్నాడు, అంకెలు తగ్గుతుంటే "మామయ్యా, మూడు! మామయ్యా, రెండు!" అని వంటింటి దాకా వినపడేలా అరుస్తున్నాడు. మూడో స్టేజీ కారు ఇంకా ఎక్కలేదు. ముస్తఫాని తీసుకోరా, పరిగెత్తి తన్నరా అంటే వినడు, హానాయే కావాలంటాడు.